పాత్ర మారినా పాలు మారకూడదు

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, సభ్యుల శిక్షణ సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నాకిచ్చిన అంశం వెబ్ పేజీని గురించి. కంప్యూటరులోనైనా, పెద్ద ఫోనులోనైనా, చిన్న ఫోనులోనైనా ఒకే పేజీ చక్కగా కనిపించేటట్లు తయారు చేయించుకోవడం ఎట్లా అన్నది. దీనిని ఇంగ్లీషులో రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అంటారు. తెరకు తగ్గట్టు సర్దుకొనే పేజీ అని మనం చెప్పుకొందాం.

పాల సంఘానికి ఈ గొడవ ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకూ మొదట అట్లాగే అనిపించింది. నేను సహకారంలో డిప్లొమా చదివినవాణ్ణి. నా చెయ్యి తిరిగింది నగదు పుస్తకంలో, స్టాకు రిజిస్టరులో. కంప్యూటరు ఇంజనీరును కాను. అయితే ఒక సంఘంలో జరిగిన సంఘటన నా చేత ఈ సంగతి నేర్పించింది. ముందు అది మనవి చేసి, తర్వాత విషయంలోకి వస్తాను.

ఒక పక్షం బిల్లు కథ

ఆ సంఘం పేరు చెప్పను. మంచి సంఘం. లెక్కలు శుభ్రంగా ఉంటాయి. సభ్యులు తమ పదిహేను రోజుల పాల బిల్లును ఫోనులోనే చూసుకోవాలని పాలకవర్గం ఒక వెబ్ పేజీ చేయించింది. తయారైన తర్వాత నన్ను పిలిచి సంఘం ఆఫీసు కంప్యూటరులో చూపించారు. తేదీ, పూట, లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., రేటు, పాల విలువ, మినహాయింపులు, నికరంగా చెల్లించవలసింది అని తొమ్మిది గడుల పట్టిక. అడుగున మొత్తాలు. ముచ్చటగా ఉంది. తనిఖీ పుస్తకంలో "బాగున్నది" అని నేనే రాసి సంతకం చేశాను.

నెల తిరగలేదు, ఆ సంఘంలో గొడవ అయింది. రెండు గేదెల పాలు పోసే ఒక పెద్దామె కార్యదర్శిని నిలదీసింది. "ఫోనులో నాకు 4,860 రూపాయలని చూపించింది. బ్యాంకులో 2,350 పడ్డాయి. మిగతావి ఎవరు తిన్నారు నాయనా?" అని పదిమందిలో అడిగింది. కార్యదర్శి దాణాకని, అప్పు వాయిదాకని, బీమాకని చెప్పబోయాడు. ఎవరూ వినలేదు. ఇంకో ఇద్దరు తమ ఫోనులు తీసి, మాకూ ఇట్లాగే ఉందన్నారు. మర్నాటి నుంచి మూడు ఇళ్ళవాళ్ళు సంఘానికి పాలు పోయడం మానేశారు.

నేను వెళ్ళి లెడ్జరు చూశాను. పాల విలువ 4,860. దాణా 1,450, అప్పు వాయిదా 1,000, పశువు బీమా 60. పోగా 2,350. పైసాతో సహా సరిపోయింది. అప్పుడు ఆమె దగ్గరకు వెళ్ళి, "అమ్మా, నీ ఫోను ఒకసారి చూపిస్తావా?" అని అడిగాను. ఆమె మనవడు పేజీ తెరిచాడు. తొమ్మిది గడులూ చీమతలకాయలంత అక్షరాలతో కనిపించాయి. ఆమె కంటికి ఆనవు. అందుకని ఆ పిల్లవాడు రెండు వేళ్ళతో తెరను లాగి పెద్దది చేశాడు. అక్షరాలు పెద్దవయ్యాయి గానీ, కుడివైపు రెండు గడులు తెర దాటి బయటకు పోయాయి. మిగిలినదాంట్లో ఆఖరున ఉన్నది పాల విలువ. 4,860.

వేలితో పక్కకు జరిపితే మినహాయింపులూ, నికర మొత్తమూ బయటపడ్డాయి. కాని అక్కడ ఇంకేదో ఉన్నదని, జరిపి చూడాలని ఆమెకు ఎట్లా తెలుస్తుంది?

సోదరులారా, ఇందులో దొంగతనం లేదు. లెక్క తప్పు లేదు. ఆమె అడగడంలోనూ తప్పు లేదు. పేజీ ఆమె ఫోనులో ఎట్లా కనిపిస్తుందో ఎవరమూ చూడలేదు. చూడనివారిలో నేను మొదటివాణ్ణి. ఆఫీసు కంప్యూటరులో చూసి సంతకం చేశాను. ఆ సంఘంలో ఆ కంప్యూటరు ఒక్కటే. సభ్యుల చేతుల్లో ఉన్నవన్నీ ఫోనులే. ఆ మూడు ఇళ్ళ పాలూ మళ్ళీ సంఘానికి రావడానికి మేము గడప గడపకూ తిరగవలసి వచ్చింది.

వెబ్ పేజీ కాగితం కాదు

ఇక అసలు విషయం. మనం లెడ్జరు అచ్చు వేయించేటప్పుడు కాగితం సైజు ముందే తెలుసు. అది ఎవరి చేతిలో పెట్టినా అంతే ఉంటుంది. వెబ్ పేజీ అట్లా కాదు. దాన్ని ఏ తెర మీద చూస్తారో తయారు చేసేవారికి ముందుగా తెలియదు. 2017లో మన దేశంలో వచ్చిన జియోఫోను తెర 2.4 అంగుళాలు, అడ్డంగా 240 చుక్కలు. ఆఫీసు కంప్యూటరు తెరకు అడ్డంగా 1,900 పైచిలుకు చుక్కలు ఉండవచ్చు. ఒకే బిల్లు ఈ రెండింటిలోనూ చదవడానికి వీలుగా రావాలి.

టిమ్ బెర్నర్స్‌-లీ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జెనీవా వద్ద ఉన్న సెర్న్ పరిశోధన కేంద్రంలో 1989లో వెబ్‌కు మొదటి ప్రతిపాదన రాశాడు. తొలినాటి పేజీలలో అక్షరాలే ఎక్కువ. కిటికీ వెడల్పు ఎంత ఉంటే అంతలో వరుస విరిగి అక్షరాలు కిందికి దిగేవి. అంటే సర్దుకొనే గుణం వెబ్‌కు పుట్టుకతోనే ఉన్నది. దాన్ని తీసేసింది మనుషులే. అచ్చు పేజీలాగా అందంగా ఉండాలని, కంప్యూటరు తెరలకు సరిపడేటట్లు 800 చుక్కలనీ, 960 చుక్కలనీ ఒక వెడల్పు ఖాయం చేసి మేకులు కొట్టారు. అందరూ కంప్యూటరులోనే చూసినంత కాలం అది సాగింది.

2000లో జాన్ ఆల్సప్ అనే ఆస్ట్రేలియా నిపుణుడు ఒక వ్యాసం రాసి, వెబ్‌ను కాగితంలాగా చూడడం మానండి, దాని మెత్తదనాన్ని వాడుకోండి అని సలహా చెప్పాడు. అప్పటికి ఆ మాట చాలామంది పట్టించుకోలేదు. 2007లో ఐఫోను వచ్చిన తర్వాత మొత్తం వెబ్ జేబులోకి వచ్చింది. ఆనాటి పేజీలన్నీ పెద్ద తెరలకు చేసినవి గనుక, ఆ ఫోను తన తెర 980 చుక్కల వెడల్పు ఉన్నట్లు లెక్కవేసి పేజీని గీసి, తర్వాత మొత్తాన్ని కుదించి చూపించేది. తరువాత వచ్చిన ఇతర ఫోనులు కూడా దాదాపు అదే పద్ధతి పట్టాయి. మన పెద్దామె ఫోనులో చీమతలకాయ అక్షరాలు అందువల్లనే వచ్చాయి.

దీనికి మందు ఒక్క వరుస. పేజీ రాతలో మొదట్లోనే, "ఈ తెర అసలు వెడల్పు ఎంతో అంతే లెక్క వేసుకో" అని ఒక ఆదేశం రాయాలి. దానిని వ్యూపోర్ట్ ఆదేశం అంటారు. ఆ సంఘం పేజీలో అది లేదు. ఆ వరుస చేర్చినంత మాత్రాన పని అయిపోదు గాని, అది లేకపోతే తక్కిన ఏర్పాట్లేవీ ఫోనులో పనిచేయవు.

రెండు లెడ్జర్లు వద్దు

ఫోనులు వచ్చిన కొత్తలో చాలా సంస్థలు ఇంకో మార్గం తొక్కాయి. కంప్యూటరుకు ఒక సైటు, ఫోనుకు వేరే సైటు. ఇప్పటికీ కొందరు మీ దగ్గరకు వచ్చి, రెండూ చేసి పెడతాం, రెండింటికీ డబ్బివ్వండి అంటారు.

ఒక ఇన్‌స్పెక్టరుగా నేను దీనికి ఒప్పుకోను. ఒకే ఖాతాకు రెండు లెడ్జర్లు పెడితే ఏమవుతుందో మీకు తెలుసు. ఒకదాంట్లో పద్దు పడుతుంది, రెండోదాంట్లో మరచిపోతారు. పాల రేటు మారినప్పుడు కంప్యూటరు సైటులో కొత్త రేటు, ఫోను సైటులో పాత రేటు ఉంటే మళ్ళీ తగాదానే. పైగా తెరలు రెండు రకాలే కావు. ఫోనులలోనే పది రకాలు. మధ్యలో ట్యాబ్లెట్లు. రేపు ఇంకేం వస్తాయో తెలియదు. అన్నింటికీ తలా ఒక సైటు కట్టుకొంటూ పోలేం. పేజీ ఒక్కటే ఉండాలి. అది తెరను బట్టి సర్దుకోవాలి. మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలని మన పెద్దలు చెప్పింది ఇక్కడా వర్తిస్తుంది.

మూడు పనిముట్లు

ఈ పద్ధతికి పేరు పెట్టి, ఒక క్రమంలో చెప్పినవాడు ఈథన్ మార్కాట్ అనే అమెరికన్ డిజైనరు. 2010 మే 25న వచ్చిన తన వ్యాసంలో ఆయన మూడు పనిముట్లు చూపించాడు. ఆ మరుసటి ఏడాది, 2011లో, బోస్టన్ గ్లోబ్ అనే పెద్ద దినపత్రిక తన కొత్త వెబ్‌సైటును ఈ పద్ధతిలోనే తెచ్చింది. ఆ పనిలో మార్కాట్ కూడా ఉన్నాడు. రోజూ వందల వార్తలు వేసే పత్రికకు సాధ్యమైనప్పుడు, మన పక్షం బిల్లుకు సాధ్యం కాకపోదు. ఆ మూడూ ఏమిటో మన భాషలో చెప్పుకొందాం.

మొదటిది, కొలతలు చుక్కల్లో కాక శాతాల్లో ఉండాలి. ఇది మనకు చెప్పనక్కరలేదు. 10 కిలోల పాలలో 6 శాతం వెన్న అంటే 600 గ్రాములు. 5 కిలోలైతే 300 గ్రాములు. పాలు తగ్గితే గ్రాములు తగ్గుతాయి, శాతం నిలుస్తుంది. పేజీ కూడా అంతే. 960 చుక్కల పేజీలో పక్క గడి 240 చుక్కలు ఉంటే, 240ని 960తో భాగించాలి. పాతిక శాతం వస్తుంది. ఆ గడి వెడల్పు 240 అని కాకుండా 25 శాతం అని రాయాలి. అప్పుడు తెర చిన్నదైనా గడి దానికి తగ్గట్టు తగ్గుతుంది.

రెండవది, బొమ్మలు తమ గడి దాటి పోకూడదు. సంఘం భవనం ఫోటో ఒకటి పెద్దది పెడితే, చిన్న ఫోనులో అది తెర బయటకు పొడుచుకొని వస్తుంది. గడి వెడల్పులో నూరు శాతానికి మించవద్దని బొమ్మకు ఒక ఆదేశం రాస్తే అది లోపలే ఇముడుతుంది. కాని ఒక జాగ్రత్త. పెద్ద ఫోటోను చిన్నదిగా చూపించినంత మాత్రాన దాని బరువు తగ్గదు. క్యానుడు పాలు మోసుకొచ్చి గ్లాసుడు తాగినట్లు అవుతుంది. సభ్యుడి డేటా అంతా ఖర్చవుతుంది. అందుకని ఒకే ఫోటోకు చిన్న, పెద్ద ప్రతులు రెండు మూడు ఉంచి, ఏ తెరకు ఏది చాలునో బ్రౌజరే ఎంచుకొనేటట్లు ఇప్పుడు రాయవచ్చు. చేయించుకొనేటప్పుడు అడగండి.

మూడవది మీడియా క్వెరీ. అంటే తెరను అడిగి తెలుసుకొనే షరతు. ఇది ఎందుకు కావాలో లెక్క చూడండి. ఇందాకటి 25 శాతం గడి, అడ్డం 360 ఉన్న ఫోనులో 90కి దిగుతుంది. ఆ 90లో తెలుగు మాటలు వరుసకు ఒక్కటి కూడా సరిగా పట్టవు. శాతం ఒక్కటే మనల్ని కాపాడదన్నమాట. మన బైలాలలో "అయితే" అని ఒక మినహాయింపు వాక్యం ఉంటుంది గదా, అటువంటిదే ఇక్కడా రాయాలి. "తెర వెడల్పు ఫలానా దానికంటె తక్కువ అయితే, పక్క గడి కిందికి దిగాలి, రెండు గడులూ నూరేసి శాతం తీసుకోవాలి" అని. ఈ షరతుల పద్ధతిని వెబ్ ప్రమాణాలు నిర్ణయించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2012 జూన్‌లో ప్రమాణంగా ఆమోదించింది. 2017 నుంచి ప్రధాన బ్రౌజర్లలో గ్రిడ్ అనే ఏర్పాటు కూడా వచ్చింది. దానితో గడుల అమరిక ఇంకా సులువైంది. కాబట్టి ఇది కష్టమైన పని అని ఎవరైనా అంటే నమ్మవలసిన అవసరం లేదు.

ఒక అనుమానం మీకు రావచ్చు. ఫోను డబ్బా మీద 1,080 చుక్కల తెర అని ఉంటుంది, మీరేమో 360 అంటున్నారేమని. ఆ ఫోనులలో చుక్కలు మరీ సన్నం. మూడు చుక్కలను కలిపి ఒక కొలతగా లెక్కవేస్తారు. 1,080ని మూడుతో భాగిస్తే 360. పేజీ తయారు చేసేవారు చూడవలసింది ఈ కొలతనే.

చిన్న తెర అంటే చిన్న లెక్క కాదు

ఇప్పుడు అన్నింటికంటె ముఖ్యమైన మాట చెబుతాను. చిన్న తెరలో స్థలం చాలదని కొందరు తయారీదారులు కొన్ని గడులను ఫోనులో కనిపించకుండా దాచేస్తారు. ఒక్క వరుస రాస్తే చాలు, గడి మాయమవుతుంది. పేజీ చూడడానికి తేటగా ఉంటుంది. కాని ఎస్.ఎన్.ఎఫ్. దాస్తే రేటు ఎందుకు తగ్గిందో సభ్యుడికి తెలియదు. మినహాయింపులు దాస్తే డబ్బు ఏమైందో తెలియదు. చిన్న ఫోను ఉన్నది ఎవరి దగ్గర? తక్కువ పాలు పోసేవారి దగ్గరే. పెద్ద రైతుకు పూర్తి లెక్క, చిన్న రైతుకు సగం లెక్క చూపించే సంఘాన్ని సహకార సంఘం అనగలమా? ఒక సభ్యుడికి ఒక ఓటు అన్నది మన సూత్రం. ఒక వాటా ఉన్నవారికీ ఒకటే ఓటు. అట్లాగే ఏ ఫోను ఉన్నవారికైనా ఒకటే లెక్క.

పాలను క్యానులో పోస్తే క్యాను ఆకారం, చెంబులో పోస్తే చెంబు ఆకారం వస్తుంది. వెన్న శాతం మాత్రం మారదు. పేజీ కూడా అంతే. తెరను బట్టి ఆకారం మారాలి గాని లెక్క మారకూడదు.

మరి తొమ్మిది గడులు చిన్న తెరలో ఎట్లా పడతాయి? ఆ సంఘంలో తర్వాత చేసినది చెబుతాను. ఫోనులో పట్టికను అడ్డంగా పెట్టడం మానేశారు. ఒక్కొక్క పూటకు ఒక్కొక్క చీటీలాగా చేశారు. మీ పాల కేంద్రంలో ఇచ్చే చీటీ లాంటిదే. ఎడమవైపు "లీటర్లు" అని పేరు, ఎదురుగా అంకె. దాని కింద "వెన్న శాతం", ఎదురుగా అంకె. ఇట్లా గడులన్నీ ఒకదాని కింద ఒకటి వస్తాయి. పక్కకు జరపవలసిన పని లేదు. కిందికి జరపడం అందరికీ అలవాటే. అదే పేజీ కంప్యూటరులో తెరిస్తే మామూలు పట్టికగా కనిపిస్తుంది. రెండింటికీ లెక్క ఒకే చోటినుంచి వస్తుంది.

ఇంకో మార్పు కూడా చేశారు. పేజీ తెరవగానే పైన మూడు వరుసలు. ఈ పక్షం పాల విలువ, మొత్తం మినహాయింపులు, మీకు రావలసింది. వివరాలన్నీ దాని కింద. 2011లో లూక్ రోబ్లెవ్స్కీ అనే నిపుణుడు, ముందు చిన్న తెరకే పేజీ తయారు చేయండి, తర్వాత పెద్దదానికి పెంచండి అని ఒక పుస్తకమే రాశాడు. దీనిలోని గుట్టు మన తరంవారికి తెలిసినదే. మన దేశంలో 2013లో ఆగిపోయిన టెలిగ్రాములు గుర్తున్నాయా? మాటకింత అని డబ్బు కట్టాలి గనుక, అసలు సంగతి ముందు రాసేవాళ్ళం. చిన్న తెర మనచేత ఆ పనే చేయిస్తుంది. సభ్యుడికి ముందు ఏమి తెలియాలి అని ఆలోచింపజేస్తుంది.

మన అక్షరాల సంగతి

తెలుగుకు సంబంధించి మూడు విషయాలు మరచిపోవద్దు.

మన అక్షరానికి కింద వత్తు, పైన గుడి ఉంటాయి. ఇంగ్లీషుకు సరిపోయిన వరుసల ఎడం మనకు చాలదు. పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకితే ముసలివారు చదవలేరు. వరుసల మధ్య ఎడం ఎక్కువ పెట్టించండి. అట్లాగే మీట మీద రాసిన మాటకు ఎత్తు ఖాయం చేస్తే, ఫోనులో అక్షరాల సైజు పెంచుకొన్నవారికి వత్తులు తెగిపోతాయి. మీట తనంతట పెరిగేటట్లు ఉండాలి.

రెండవది, సర్క్యులరును ఫోటో తీసి పేజీలో పెట్టే అలవాటు. ఫోటోలోని అక్షరాలు అక్షరాలు కావు, బొమ్మ. తెర చిన్నదైతే బొమ్మంతా చిన్నదవుతుంది గాని వరుస విరిగి కిందికి దిగదు. మళ్ళీ రెండు వేళ్ళతో లాగడం, మళ్ళీ కుడివైపు పోవడం. కావున సర్క్యులరును టైపు చేసి పెట్టాలి.

మూడవది, ఆ టైపు యూనికోడులో ఉండాలి. యూనికోడు మొదటి కూర్పు 1991లో వచ్చినప్పటినుంచే అందులో తెలుగు ఉన్నది. పాత డి.టి.పి. ఫాంట్లలో కొట్టినది ఆ ఫాంటు లేని ఫోనులో గజిబిజి గుర్తులుగా కనిపిస్తుంది.

సంఘం చేయవలసిన పరీక్షలు

పాలు వచ్చినప్పుడు వాసన చూస్తాం, లాక్టోమీటరు వేస్తాం, వెన్న పరీక్ష చేస్తాం. అప్పుడు గాని తీసుకోం. పేజీని కూడా పరీక్షించే తీసుకోవాలి. దీనికి ఇంజనీరు అక్కరలేదు. ఈ కింది ఎనిమిది పరీక్షలు మీరే చేయవచ్చు.

1. ఊళ్ళో ఇంటర్నెట్ వచ్చే ఫోనులలో అన్నిటికంటె చిన్నది తెప్పించి అందులో పేజీ తెరవండి. ఆఖరున కాదు, మొదటి పరీక్షే ఇది.

2. కంప్యూటరులో పేజీ తెరిచి, కిటికీ అంచును మౌసుతో పట్టుకొని మెల్లగా ఇరుకు చేయండి. గడులు సర్దుకొంటూ కిందికి దిగాలి. కుడి అంచు తెగిపోతే పేజీ పనికిరాదు.

3. ఫోనును అడ్డంగా తిప్పండి. పేజీ మళ్ళీ సర్దుకోవాలి.

4. ఫోను సెట్టింగులలో అక్షరాల సైజు పెంచండి. మాటలు ఒకదానిమీద ఒకటి పడకూడదు, తెగకూడదు. అడ్డం 320 కొలత ఉన్న తెరలో కూడా పక్కకు జరపకుండా చదవగలగాలని 2018 నాటి అంతర్జాతీయ వెబ్ ప్రమాణం చెబుతున్నది. అందులో పట్టికలకు మినహాయింపు ఉన్నది. మన బిల్లుకు ఆ మినహాయింపు వాడుకోనివ్వకండి.

5. ఒకే సభ్యుడి బిల్లును కంప్యూటరులోనూ ఫోనులోనూ పక్కపక్కన పెట్టి, గడి గడి పోల్చండి. ఒక్క అంకె కూడా తగ్గకూడదు.

6. మీటలను పాలు పితికిన చేతి బొటనవేలితో నొక్కి చూడండి. 2023లో వచ్చిన ప్రమాణం ప్రకారం మీటకు కనీసం 24 కొలతల పొడవు వెడల్పులు ఉండాలి. అది కనీసం మాత్రమే. ఇంకా పెద్దదైతే మంచిది.

7. సిగ్నలు తక్కువ ఉన్న చోట, పశువుల కొట్టం దగ్గర నిలబడి తెరవండి. బొమ్మలు రాకపోయినా బిల్లు ముందుగా రావాలి.

8. ప్రింటు తీయండి. కాగితం కూడా ఒక తెర వంటిదే. కాగితానికి వేరే అమరిక ఉండేటట్లు అదే పేజీలో షరతు రాయవచ్చు. తొమ్మిది గడులూ, మొత్తాలూ ఆ కాగితంలో రావాలి.

ఈ పరీక్షల సంగతి పని అప్పగించే తీర్మానంలోనే రాయండి. సభ్యుల ఫోనులలో పరీక్షించిన తర్వాతనే ఆఖరు వాయిదా చెల్లిస్తామని ఒప్పందంలో ఉంటే, పని సరిగా అవుతుంది. డబ్బు ముందే ఇచ్చి, తర్వాత "కంప్యూటరులో బాగానే ఉంది కదండీ" అనే మాట వినవలసిన అవసరం ఉండదు.

ఒక్క హెచ్చరిక కూడా. ఎంత మంచి పేజీ చేయించినా పాల చీటీ ఆపవద్దు, నోటీసు బోర్డు తీసేయవద్దు. ఫోను లేని సభ్యులు ఇంకా ఉన్నారు. వారూ వాటాదారులే.

ముగింపు

ఆ పెద్దామె సంగతితో ముగిస్తాను. కొత్త పేజీ తయారైన తర్వాత నేను ఆఫీసు కంప్యూటరు దగ్గర కూర్చోలేదు. కార్యదర్శిని వెంటబెట్టుకొని ఆమె ఇంటికే వెళ్ళాను. ఆమె ఫోనులోనే తెరిపించాను. మనవడు పక్కనే ఉన్నాడు గానీ ఈసారి అతని వేళ్ళతో పని పడలేదు. ఆమే ఒక్కొక్క వరుస వేలుపెట్టి చదువుకొంది. పాల విలువ, దాణా, వాయిదా, బీమా, రావలసింది. చదివి, "దాణా బస్తా రెండు రాశారు. ఒకటేగా తెచ్చుకొంది?" అంది. కార్యదర్శి స్టాకు రిజిస్టరు తెప్పించి చూశాడు. ఆమె మాటే నిజం. రెండో బస్తా పక్కింటివారిది, పొరపాటున ఈమె ఖాతాలో పడింది. అక్కడికక్కడే సరిదిద్దాం.

ముప్పయ్యేళ్ళుగా తనిఖీలు చేస్తున్నాను. లెక్క కనిపించక అనుమానపడడం వేరు. లెక్క కనిపించి, తప్పు పట్టుకోవడం వేరు. మొదటిది సంఘాన్ని చీలుస్తుంది. రెండోది సంఘాన్ని కాపాడుతుంది. నాకంటె మంచి ఇన్‌స్పెక్టర్లు మీలో వందలమంది ఉన్నారు. వారి చేతిలోని చిన్న తెరలో లెక్క పూర్తిగా కనిపించే ఏర్పాటు చేయడమే మన పని.

ఇకమీదట ఏ సంఘం పేజీకైనా "బాగున్నది" అని రాసే ముందు, ఆ సంఘంలో చివరి సభ్యురాలి ఫోనులో చూసిన తర్వాతనే సంతకం చేస్తానని ఈ సభలో మాట ఇస్తున్నాను. మీరు కూడా మీ మీ సంఘాలలో అట్లాగే చేయవలసిందిగా కోరుతున్నాను.